చెర్రీ బ్రాందీ ఎప్పుడు పోయాలి

"అబ్బే! మా మేనేజర్‌గారింటి రుచి రాలేదోయ్," అంటూ భర్త కేకు పళ్ళేన్ని పక్కకు నెట్టాడు. రెండు ముక్కలు లాగించాకే నెట్టాడు లెండి.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మేనేజరమ్మ ఇంట్లో విందు తిని వచ్చిన దగ్గర్నుంచీ ఇదే పాట. "కేకు మీద చెర్రీ బ్రాందీ పాకం పోశారు, ఆహా! ఆఫీసంతా నడుపుతూ ఆవిడ అంత కమ్మగా వండుతుంటే, ఇంట్లోనే ఉండే నీకేం?" అన్నాడు. "కొందరికి పుట్టుకతో వస్తుందిరా," అని అత్తగారు వంత పాడింది.

ఇంట్లోనే ఉండే నీకేం! ఎంగిలి గిన్నెలు, ఇస్త్రీ, అత్తగారి మోకాళ్ళకు తైలం, ఇవన్నీ వాటంతటవే జరిగిపోతున్నాయి కాబోలు. అసూయే, దాచడమెందుకు? మేనేజరమ్మను ఒక్కసారే చూసింది. నలగని చొక్కా, పగుళ్ళు లేని చేతులు. ఆ చేతులకు వంట కూడానా? అన్నీ ఒక్కదానికే రాసిపెట్టాలా? ఆ కసితోనే మందు దుకాణం ముందు దొంగలా నిలబడి సీసా కొనుక్కొచ్చింది. చెర్రీలూ చక్కెరా బ్రాందీ కలిపి అరగంట మరిగించింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది గానీ పాకంలో ఉత్త తీపే మిగిలింది. ఇప్పటికి మూడుసార్లు అదే తంతు.

ఇక సిగ్గు చంపుకుని, భర్త ఎదుటే మేనేజరమ్మకు ఫోన్ చేసింది.

"నా వంటా?" ఆవిడ పగలబడి నవ్వింది. "అయ్యో, నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదండీ! అంతా మా ఆయనే. ఉండండి, ఇస్తాను."

ఆయన ఓపిగ్గా విన్నాడు. "మొదట్లోనే పోసేశారా? అదీ సంగతి. మరిగితే వాసనంతా ఎగిరిపోతుందమ్మా. చెర్రీలు ఉడికి, పొయ్యి కట్టేశాక రెండు చెంచాలు పోసి మూత పెట్టండి. మా ఆవిడ అలసిపోయి వచ్చేవేళకి సిద్ధంగా ఉంచుతాను."

ఆవిడ చేతిని చూసి ఇన్నాళ్ళూ తను ఏడ్చిందంతా దండగ. అసలు అసూయ ఇప్పుడు మొదలైంది. అలసిపోయి వచ్చేవేళకట! తను అలసిపోతుందని ఈ ఇంట్లో ఎవరికైనా తెలుసా?

"ఏమంటున్నారు మేనేజర్‌గారు? కిటుకు రాసుకున్నావా?" అన్నాడు భర్త, కుర్చీలోంచి కదలకుండానే.

"అన్నయ్యగారూ, మళ్ళీ మొదట్నుంచి చెప్పండి. నేర్చుకోవాల్సిన మనిషికి ఇస్తున్నాను," అని ఆమె ఫోను భర్త చేతిలో పెట్టింది.