తుపాకి అద్దానికి బెదిరిన చుక్కలు

ఈ కథలో ముందూ వెనకా కలిసిపోయి ఉంటే తప్పు నా వయసుదే. కుప్పయ్య తుపాకి స్టేషనుకు పోయింది ముందో, లోహిత టెలిస్కోపు మిద్దె ఎక్కింది ముందో, ఒక్కోరోజు ఒక్కోలాగా గుర్తొస్తుంది. రెండూ ఒకే ఎండాకాలంలో జరిగినాయి, అది మాత్రం నిజం. ఎలక్షన్ల ఎండాకాలం అది.

ఐరాలలో కుప్పయ్య పొద్దు ఎప్పుడూ ఒకే మాదిరిగా గడిచేది. తెల్లారితే మోటారు వేసి చెరుకుకు నీళ్ళు మళ్ళించడం, టీ అంగట్లో కూర్చుని రాజకీయాలు వినడం, ఇంటికొచ్చి సంగటి తిని ఒక కునుకు తీయడం, సాయంత్రం మళ్ళీ చేను. అడవి పందులు చెరుకును బతకనివ్వవు. అందుకని ఆయనకొక లైసెన్సు తుపాకి, దాని మీద చిన్న గురి అద్దం. రెండు కళ్ళూ తెరిచే అందులోంచి చూస్తే ఎదుటి వస్తువు మీద ఎర్రటి బొట్టొకటి తేలుతుంది. బొట్టు ఎక్కడుంటే గుండు అక్కడికి.

ఎలక్షన్లు వచ్చినాయంటే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి. పోలీసుల చేతుల్లో అద్దం పగులుతుందని కుప్పయ్య దాన్ని ఊడదీసి తువ్వాలులో చుట్టి ఇంట్లో పెట్టినాడు. తుపాకి ఇచ్చి తిరిగి వస్తూంటే భుజం తేలికైంది. గుండె మాత్రం కాలేదు.

ఎందుకు కాలేదో చెప్పాలంటే కొన్నేళ్ళు వెనక్కి పోవాలి. ఒక మునిమాపు వేళ చెరుకులో ఏదో గట్టిగా కదిలింది. కుప్పయ్య అద్దంలో చూసినాడు. బొట్టు నల్లటి వీపు మీద నిలబడింది. కాల్చినాడు. దగ్గరికి పోయి చూస్తే పంది కాదు, రాఘవమ్మ ఎనుము. తెంపుకొచ్చిన పలుపు మెడకు ఇంకా వేలాడుతూనే ఉంది. ఇంటిల్లిపాదీ దాని పాల మీద బతికే ఎనుము. కుప్పయ్య తుపాకిని మోటారు షెడ్డులో తగిలించి, గట్టు వెనక దారిన ఇంటికి పోయి, కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాడు. ఆ షెడ్డు తాళంచెవి ఎక్కడుంటుందో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు కుప్పయ్య, రెండోవాడు చేనుకు కాపలా ఉండే చెంగయ్య.

మర్నాడు పెద్దమనిషి పెంచలయ్య ఇద్దరినీ పిలిపించినాడు. ఆ సాయంత్రం కాణిపాకంలో ఉన్నానని కుప్పయ్య చెప్పినాడు. ప్రమాణాల దేవుడుండే కాణిపాకం పేరు చెప్పి అబద్ధమాడే మనిషి ఆ చుట్టుపక్కల ఉండడని అందరి నమ్మకం. కాబట్టి ఎవరూ రెండో మాట అడగలేదు. ఇక చెంగయ్య వైపు తిరిగినారు.

"స్వామి ముందర ప్రమాణం చెయ్యి, సాలు" అన్నాడు పెంచలయ్య.

"మా నమ్మకంలో ఒట్టు పెట్టుకోకూడదప్పా. యాడైనా సరే, ఎవురి ముందరైనా సరే. నేను కాల్సలేదు, అంతే."

చెంగయ్య చర్చికి పోయే మనిషి. ఊరు మాత్రం, ప్రమాణానికి వెనకాడినాడంటే వాడే చేసినాడు అనుకుంది. కుప్పయ్యను ప్రమాణం చేయమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చేసేవాడో ఆయనకే తెలియదు. ఎవరూ పనికి పిలవకపోయేసరికి చెంగయ్య, భార్య సంతోషమ్మ తిరుపతికి బయలుదేరినారు. వాళ్ళ ట్రంకుపెట్టెను తన మోపెడ్ మీద పూతలపట్టు దాకా మోసింది కుప్పయ్యే. బస్సు ఎక్కేటప్పుడు సంతోషమ్మ సంచిలో ఒక బెల్లం ముద్ద కూడా పెట్టినాడు.

"ఊళ్ళో నువ్వొక్కడివే మమ్మల్ని నమ్మినావప్పా" అన్నదామె కిటికీలోంచి.

ఆ మాట బస్సుతో పోలేదు. కుప్పయ్యతో ఇంటికి వచ్చి, ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఇక టెలిస్కోపు సంగతి. లోహిత కుప్పయ్య అన్న కూతురు. పూతలపట్టులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతుంది. పెద్ద ప్లాస్టిక్ పైపులో అద్దం బిగించి టెలిస్కోపు తానే తయారుచేసుకుంది. చూడాల్సిన గొట్టం పక్కన ఉంటుంది కాబట్టి నిలబడి చూడొచ్చు. చిక్కల్లా వెతకడంలోనే. అందులోంచి ఆకాశం చిటికెడే కనిపిస్తుంది. ఆ చిటికెడులోకి ఒక చుక్కను తేవడమంటే సూది బెజ్జంలోంచి తిరుమల కొండను చూసినట్టే.

"సిన్నాయనా, నీ తుపాకి అద్దం నాకియ్యి" అనిందొక రోజు. "బొట్టు యాడుంటే టెలిస్కోపు ఆడే సూస్తాది. గుండు బదులు సూపు పోతాది, అంతే."

కుప్పయ్య చాలాసేపు తువ్వాలు మూట విప్పలేదు. చివరికి విప్పినాడు.

అల్యూమినియం కిటికీలు చేసే అంగట్లో ఒక ముక్క కోయించి, అడుగున సైకిలు ట్యూబు తుండు పరిచి, అద్దాన్ని పైపుకు బిగించినారు. పగటి పందికి సరిపోయే బొట్టు చుక్కలకు మరీ ఎక్కువ. ఆ వెలుగులో సన్నచుక్కలు కనిపించవు. అందుకని రేడియోలో గొంతు తగ్గించే మరలాంటిదొకటి బ్యాటరీకి మధ్యలో కలిపింది లోహిత. బొట్టు అగరుబత్తి మొనంత సన్నగిల్లింది. దూరంగా సెల్ టవరు దీపాన్ని టెలిస్కోపు మధ్యకు తెచ్చి, బొట్టును కూడా దాని మీదికే జరిపి మరలు బిగించినారు.

గురి పట్టాలంటే మోకాళ్ళ మీద కూర్చుని, మెడ తిప్పి పైపు వెంబడి పైకి చూడాలి. లోహిత మెడకు డాక్టరు పట్టీ వేసి ఉన్నాడు. కాబట్టి గురి కుప్పయ్యది, చూపు ఆమెది.

టవరు దీపం చక్కగా కుదిరింది. పొద్దు గూకినాక స్వాతి చుక్క పొడిచింది. కుప్పయ్య బొట్టును మెల్లగా దాని మీదికి తెచ్చినాడు. స్వాతి కోడిపెట్ట మాదిరి పక్కకు దూకింది.

"సిన్నాయనా, సెయ్యి కదిలిందా?"

"లేదు పాపా. అదే జరిగింది."

చిత్త మీదికి పోతే అది పక్కింటి నీళ్ళ ట్యాంకు వెనక్కి తప్పుకుంది. చంద్రుడు దగ్గర్లో ఉన్న మబ్బును లాక్కుని కప్పుకున్నాడు.

పక్క మిద్దె మీద వడియాలు ఎత్తుతున్న రాఘవమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. "బెదరవా మరి? తుపాకి మింద కూర్సున్న అద్దం గదా. నాలుగు దినాలు బియ్యంలో పూడ్సిపెట్టు పాపా, మందు వాసన పోతాది" అనింది.

బియ్యంలో పూడ్చినారు. సాంబ్రాణి పట్టినారు. చుక్కలు మాత్రం కుప్పయ్య మోకాలు వంచగానే చెల్లాచెదరయ్యేవి. టీ అంగట్లో కూడా, "ఏమప్పా, నిన్న మీ మిద్దె మింద చుక్కలు మా ఇంటికాడికి వచ్చిండాయే" అని నవ్వేవాళ్ళు. కుప్పయ్యా నవ్వేవాడు. కానీ చుక్క పరుగెత్తిన ప్రతిసారీ దాని వెనక తెగిన పలుపు ఈడ్చుకుపోతున్నట్టు ఆయనకు కనిపించేది. చెప్పేద్దామని ఎన్నిసార్లో నోరు తెరిచినాడు. తెరిచి, వక్కాకు వేసుకునేవాడు.

పోలింగు రోజు చెంగయ్య వచ్చినాడు. తిరుపతిలో లాడ్జి కాపలాదారైనా ఓటు ఇంకా ఐరాలలోనే ఉంది. వరసలో ఎవరూ పలకరించకపోతే లోహితే పలకరించింది. "చెంగయ్య మామా, మాపటేళ మిద్దె మిందికి రా, చుక్కలు సూద్దువుగాని."

సాయంత్రానికి మిద్దె మీద మనుషులు నిండినారు. వేలిమీది సిరాను చూసుకుంటూ పెంచలయ్య కూడా ఎక్కినాడు. రాఘవమ్మ వచ్చింది. చెంగయ్య మెట్ల దగ్గరే ఆగినాడు. కుప్పయ్య వంగి గురి పట్టినాడు. స్వాతి పారిపోయింది. పిల్లలు గొల్లున నవ్వినారు.

"సిన్నాయన మోకాళ్ళు ఇంగ పని సెయ్యవు గానీ, మామా, నువ్వు పట్టు" అనింది లోహిత.

చెంగయ్య మోకరిల్లినాడు. ఆ మోకాళ్ళకు అది అలవాటే. బొట్టు స్వాతి దగ్గరికి పోయింది. స్వాతి కదల్లేదు. పైగా పెంపుడు పిట్ట చేతి మీదికి వచ్చినట్టు తానే ఒక పిసరు ఇటు జరిగి, బొట్టు కింద కుదురుకుంది.

అందరూ ఒకరి తర్వాత ఒకరు చూసినారు. రాఘవమ్మ అందరికన్నా ఎక్కువసేపు చూసింది. తర్వాత తల ఎత్తి, "అయితే తప్పు అద్దానిది కాదబ్బా" అనింది. "కుప్పయ్యా, నువ్వింకొకసారి పట్టు."

ఆయన పట్టినాడు. చుక్క పోయింది.

"చెంగయ్యా, నువ్వు."

చుక్క వచ్చింది.

పెంచలయ్య భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతూ, "ఇంగ కాణిపాకం పోయే పని లేదులే" అన్నాడు నేల చూస్తూ.

"నేనేనక్కా" అన్నాడు కుప్పయ్య. "పంది అనుకున్న్యా. కాణిపాకం పోలేదు నేను. ఆ పొద్దు యాడికీ పోలేదు."

రాఘవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దాని పేరు గౌరి. అప్పుడు సూడిది, కడుపులో దూడ ఉండె" అనింది, అంతే.

చెంగయ్య లేచి, బ్యాటరీ వృథా అవుతుందని అద్దం మర కట్టేసినాడు. అరుస్తాడేమోనని అందరూ చూసినారు. అరవలేదు.

"పెట్టె మోసినావు గదప్పా" అన్నాడు. "పూతలపట్టు దాకా. నా బార్య ఈ పొద్దుటికీ నీ పేరు సెప్పి ప్రార్తన సేస్తాది."



ఆ తర్వాత పెంచలయ్యే తిరుపతికి పోయి పిలిస్తే సంతోషమ్మ ఐరాలలో ఇల్లు తెరిచింది. రాఘవమ్మ గొడ్ల పాకలోకి కుప్పయ్య ఒక ఎనుమును తోలుకొచ్చి కట్టేసినాడు. ఆమె వద్దనలేదు, మంచి మాటా అనలేదు. తుపాకి స్టేషన్లోనే ఉంది. ఇప్పుడు గురి చెంగయ్యది. వాళ్ళు మిద్దె మీద ఉన్నంతసేపూ కుప్పయ్య కింద వసారాలో కూర్చుంటాడు, చుక్కలు చెదరకుండా. సంతోషమ్మ ఆ వాకిలి ముందు నుంచే పోతుంది. ఆయన వైపు చూడదు.

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం లోహిత పట్టుబట్టి ఆయన్ను పైకి తెచ్చింది. వంగినాడు. ఎప్పటిలాగే చుక్కలు తప్పుకున్నాయి. ఖాళీ అయిన చోట, మూలన, పేరు కూడా లేని సన్నచుక్క ఒకటి మిగిలింది. వణుకుతోంది గానీ పోలేదు.

"ఏమన్నా ఉండాదా సిన్నాయనా?"

ఆయన అద్దం నుంచి కళ్ళు తీయలేదు. ఊపిరికి కూడా బెదురుతుందేమోనని బిగబట్టి ఉన్నాడు.

పవిత్రా, ఇది సాపు రాసేది నువ్వే గదా, నీ కళ్ళు మంచివి, ఒకసారి పేర్లు సరిచూడు. పెద్దమనిషి పెంచలయ్యేనా, శాంతయ్యా? ఆ ఎనుము గౌరేనా? చుక్క స్వాతి అవునో కాదో లోహితను అడుగు. తప్పయితే దిద్దు. చెంగయ్య పేరు మాత్రం ఇద్దరు ముగ్గురిని అడిగి మరీ చూడు. ఆ పేరు విషయంలో ఊరు ఒకసారి పొరబడింది, నేను రెండోసారి పొరబడకూడదు.