జన నిండిన కొరమేనులు

నేను ఒక కత్తిపీటను. లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశారు. కాలువ వంతెన దగ్గర చేపలమ్మే నూకరత్నానికి నన్ను ఆమె అత్తగారు ఇచ్చింది. రోజంతా నా పీటను కాలితో తొక్కిపట్టి కూర్చుంటుంది కనుక ఆమె సంతోషాలూ విసుగులూ నాకు తెలిసినంతగా మొగుడు సింహాద్రికి కూడా తెలియవు. అతను కాలువలో కొరమేనులు పట్టి తెస్తాడు. ఆమె కోసి అమ్ముతుంది.

ఒక ఏడాది వానల ముందు ఏ కొరమేను పొట్ట చీల్చినా జనే. చేపగుడ్లంటే మనుషులకు ఎంత ఆశో! నాకంటే నాకని తోసుకున్నారు. మగ చేపలేమయ్యాయని ఒక్కరూ అడగలేదు. నూకరత్నానికి మాత్రం మనసు కుదుటపడలేదు.

"ఏవయ్యా, అన్నీ ఆడయ్యే అయితే పిల్లలెలా పుడతాయి?" అంది.

సింహాద్రి నవ్వేశాడు. మరుసటి ఏడు వలలో చేపపిల్ల కనబడకపోయేసరికి ఆ నవ్వు పోయింది.

ఆదివారాలు చేపలకొచ్చే కాలేజీ లెక్చరర్ జుబేదా కాలువ నీళ్లు పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక, "మనం మింగే కొన్ని మాత్రల్లో హార్మోన్లుంటాయి రత్నమ్మా. అవి పట్నం మురుగుతో కాలువలోకొచ్చి మగ చేపల్ని ఆడవిగా మార్చేస్తున్నాయి," అని చెప్పింది.

నూకరత్నం చేతిలోని చేపను కింద పెట్టింది. "జబ్బులు మనకైతే మందులు చేపలకేంటమ్మా?" అంది.

ఆ వేసవి చివర సింహాద్రి ప్రాణాలతో తెచ్చిన వాటిలో ఒకదాని పొట్ట చదునుగా ఉంది. మగది! కొనడానికొచ్చినాయన అదే కావాలన్నాడు. దాని మెడ నా అంచుకు తగిలింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇది అమ్మను బాబూ."

ఆయన విసుక్కుంటూ వెళ్లిపోయాడు. నూకరత్నం దాన్నీ, జన నిండిన మరొకదాన్నీ నీళ్ల బిందెలో వేసింది.

"మురుగు కలవని పైచెరువులో వదిలేద్దాం," అంది మొగుడితో.

"మరి ఇయ్యాల కూరేంటే?"

"చారు."

గొణుగుతూనే సింహాద్రి బిందె భుజానికెత్తుకున్నాడు.

వానలు పడ్డాక ఒక ఆదివారం జుబేదాను చూడగానే నూకరత్నం లేచి నిలబడింది. "పైచెరువులో ఎర్రగా పిల్లల గుంపమ్మా! కింద తల్లీ తండ్రీ కాపలా. వలేసుకుని ఎల్లిన మా ఆయన గట్టుమీద కూకుని అలా చూస్తా ఉండిపోయాడు!"

జుబేదా ఆమె చెయ్యి పట్టుకుంది. కాలువ ఇంకా బాగుపడలేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. బేరాలు వచ్చి నిలబడ్డా నూకరత్నం నన్ను ముందుకు లాక్కోలేదు. నేనూ తొందరపెట్టలేదు.