ఏటి కరెంటు

ఎసెంకుల్ పారతో బొగ్గు ఎగదోసి, పొయ్యి తలుపును మోకాలితో మూశాడు. అరచేతుల నిండా కాయలు, కనుబొమల్లో నుసి, వేసవిలోనూ వదలని దగ్గు. కొండల నడుమ ఆ చిన్న ఊళ్లో కాన్పుల ఆసుపత్రిని పెళ్లయిన ఏడాది నుంచీ అతనే వెచ్చగా ఉంచుతున్నాడు.

చలికాలం వస్తే పొరుగు దేశం ఇచ్చే కరెంటు కోసం, కనుమ దాటి రావలసిన బొగ్గు కోసం ఎదురుచూడటం ఇక చాలనుకుంది ప్రభుత్వం. ఎగువన ఏటి మీద చిన్న కరెంటు కేంద్రం కట్టింది. ఆసుపత్రి కప్పు మీద సోలార్ పలకలు పరిచింది. కొత్త హీటర్లు ఇవాళ్టి చలికి నిలబడితే పొయ్యి ఆపేస్తారు. అతని పనీ అక్కడితో సరి.

మంత్రసాని జూరా టీ తెచ్చింది.

"రేపట్నుంచి మొహాన నుసి లేకపోతే వదిన నిన్ను గుర్తుపడుతుందా అన్నా?"

"పట్టకపోతే ఆవిణ్ణే మళ్లీ పెళ్లాడతాలే."

జూరా నవ్వుతుండగానే దీపాలు ఆరిపోయాయి. కాసేపటికి ఏటి కరెంటు కేంద్రం నుంచి ఇంజనీరు బెర్మెత్ ఫోన్ చేసింది. కేంద్రానికి నీళ్లొచ్చే కాలవ జాలీకి మంచు పట్టేసింది, మనుషులు కావాలి.

"నీకు మంచిదేగా. నీ పొయ్యి నీకుంటుంది," అంది జూరా, గొంతు తగ్గించి.

ఆ మాట అతనికీ తోచింది. వెంటనే మంచుకు కనుమ మూసుకుపోయిన ఒక శీతాకాలమూ గుర్తొచ్చింది. బొగ్గూ లేదు, కరెంటూ లేదు. ఆసుపత్రి పైగదిలో తన కోడలు పసికందును రొమ్ముకు చుట్టుకుని వణుకుతుంటే, అతను ఆసుపత్రి బల్లలు విరగ్గొట్టి పొయ్యిలో వేశాడు.

"పొయ్యి చూస్తుండు చెల్లీ," అని ఇనప చువ్వ భుజాన వేసుకుని కొండెక్కాడు.

పొద్దు వాలేదాకా అందరితో కలిసి మంచు పగలగొట్టాడు. ఉన్నట్టుండి నీళ్లు హోరెత్తాయి. కింద ఊళ్లో ముందు ఆసుపత్రి వెలిగింది, తర్వాత ఒక్కో ఇల్లూ.

"బాబాయ్, చలికాలమంతా ఈ జాలీ దగ్గర మనిషి ఉండాలి. మీరొస్తారా?" అడిగింది బెర్మెత్.

"ఇక్కడ నుసి ఉండదుగా?"

"మంచు తప్ప ఏమీ ఉండదు."

"అయితే వస్తా."

పొయ్యిని కూల్చరట. ఏరూ ఎండా మొరాయించిన రోజుకు అక్కరకొస్తుందని అలాగే ఉంచుతారట. ఆ రాత్రి నిప్పు దానంతటదే ఆరేదాకా ఎసెంకుల్ దాని పక్కనే కూర్చున్నాడు. గోడలు మాత్రం చల్లబడలేదు. పైన ఎవరి బిడ్డో కేరుమంది.

తెల్లారి జూరా టీ తీసుకుని దిగేసరికి అతను వెళ్లిపోయాడు. గోడమేకుకు అతని బొగ్గు కోటు వేలాడుతోంది, మోచేతుల దగ్గర ఇంకా వంగి.