జామకాయ ఉప్పు నూరిన కల్వం

నేను ఒక అకీకు రాతి కల్వాన్ని. మందులు నూరే కల్వం అనుకునేరు, ముందే చెబుతున్నా, కాదు. నాలో నూరేది ఖనిజాలను. ఆ పొడిని ఎక్స్‌రే యంత్రంలో పెడితే తెర మీద గీతలు లేస్తాయి. ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో ఆ గీతలను బట్టి లెక్క తేలుస్తారు. వేరే పొడి రవ్వంత కలిసినా ఆ లెక్క చెడుతుంది. ఇంతటి పనిదాన్ని పట్టుకుని ప్రొఫెసర్ మునిరత్నం ఏం చేశాడో తెలుసా? జామకాయ ముక్కలకు అద్దుకోవడానికి నాలో సైంధవ లవణం నూరి, పైన నిమ్మకాయ పిండాడు! తిన్నాక రుమాలుతో తుడిచి బల్ల మీద పడేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు వకుళ వచ్చింది. ఆయన దగ్గర పరిశోధన చేసే పిల్ల. గూడూరు అభ్రకం గనుల్లో ఆమెకొక పచ్చటి ఖనిజం దొరికింది, చిటికెడంటే చిటికెడే. దాని నిర్మాణం తేలిస్తేనే ఆమెకు డాక్టరేటు. పాపం, పద్ధతి ప్రకారం నన్ను స్పిరిట్‌తో తుడిచింది. స్పిరిట్‌కు ఉప్పు కరిగి చస్తుందా? ఖనిజంలో సగం నూరేసింది. తెర మీద ఆమె గీతల మధ్య ఎవరివో గీతలు నిక్కి నిలబడ్డాయి.

"ఏందమ్మే, నీ రాయే కల్తీది. నీ థీసిస్ మీద నేను సంతకం ఎట్టా పెట్టేది?" అన్నాడు మునిరత్నం, జామకాయ నములుతూ.

సిగ్గూ శరమూ ఉండక్కర్లేదూ?

వకుళ కాసేపు ఏడ్చింది. తర్వాత ఆ పరాయి గీతలను తెలిసిన ఖనిజాల గీతలతో పోల్చి చూసింది. అనుమానం వచ్చి, నా అడుగున వేలు రాసి నాలుక మీద పెట్టుకుంది.

"సార్, ఇది ఉప్పు. మీ జామకాయ ఉప్పు."

ఆమె నన్ను వేడినీళ్లతో కడిగి, మిగిలిన సగమూ నూరింది. ఈసారి గీతలు శుభ్రంగా వచ్చాయి, నిర్మాణమూ తేలింది. అబ్బ, ఎంత సంతోషించానో!

"సరే, సంతకం పెడతా," అన్నాడు మునిరత్నం. "మొదటిసారి తప్పు మాత్రం కల్వానిదని రాయి. అరిగి, దాని పొడే రాలిందని రాయి."

అకీకు క్వార్ట్జ్ జాతి రాయి; నేను అరిగితే పడేవి క్వార్ట్జ్ గీతలు, ఉప్పు గీతలు కావు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వకుళ రాయదనుకున్నాను. నా వంక ఒకసారి చూసి, తల వంచుకుని రాసేసింది.

ఇప్పుడు నేను పగిలిన బీకర్లతో పాటు పాత సామాను బీరువాలో ఉన్నాను. మొన్న దాని తలుపు తెరుచుకుంది. డాక్టర్ వకుళ! ఏదో వెతుకుతూ వచ్చి, నన్ను చూసి, మెల్లగా మళ్లీ తలుపు మూసేసింది.