ఉయ్యాల పటం

బంగారయ్య మేస్త్రీకి మా ఆడపడుచు సూర్యావతి మీద మనసుంది. ఈ సంగతి బర్మాలో ఈ రంగం రేవులో ఓడలకు కూడా తెలుసు. సూర్యావతే ఏ సంగతీ తేల్చకుండా నానుస్తోంది. ఆవిడకు ఇరవై, ఆయనకు నలభై దగ్గరపడుతోంది మరి. పిల్లకిష్టమైతేనే మనువు అని మా ఆయన ఖరాఖండిగా చెప్పేశాడు.

ఆ ఆదివారం జవాబు కోసం మేస్త్రీ పజుండౌంగ్‌లో మా ఇంటికొచ్చాడు, చంకలో పెద్ద పటంతో. సీమకు వెళ్లిపోతున్న దొరగారింటి వేలంలో కొన్నాడట. నూటయాభై ఏళ్ల కిందటి ఫ్రెంచివాళ్ల సరదాలట. ఏం సరదాలమ్మా! తోటలో ఉయ్యాల. దానిమీద గులాబీరంగు గౌను దొరసాని. గాలికి లంగాలన్నీ లేచి మోకాళ్లదాకా మేజోళ్లు కనిపిస్తున్నాయి. కింద పొదలో ఒక కుర్రదొర వెల్లకిలా పడి గుటకలు మింగుతున్నాడు. ఒక్కరికీ పనీపాటా ఉన్నట్టు లేదు. నాకు సిగ్గేసింది గానీ కళ్లు మాత్రం తిప్పుకోలేదు.

"దొరసాన్లకీ అట్లతద్ది ఉంటాదేటి వదినా?" అంది సూర్యావతి.

"ఉంటాది. ఈవిడా నీలాగే సందురుడు రాకముందే అట్లు తినేసినట్టుంది. అటు సూడు" అన్నాను.

చెట్టు నీడలో ఒక ముసలాయన తాళ్లు పట్టుకుని ఆ ఉయ్యాల ఊపుతున్నాడు. నోము చెడగొట్టుకున్న పిల్లకు ముసలి మొగుడొస్తాడని మనకు తెలియనిదా? సూర్యావతి పకపకా నవ్వి మేస్త్రీ వైపు తిరిగింది.

"మేస్త్రీగోరూ, ఈ పటంలో మీరెవరు?"

నేను నాలుక కరుచుకున్నాను. మేస్త్రీ వంగి చూశాడు. ముఖం మాడిపోయింది. ఒక్క కేకతో రేవంతా అదిలించే మనిషి, బొటనవేలితో ఆ ముసలాయన్ని కప్పేయబోయాడు. నాకు నిజంగా జాలేసింది.

"కొన్నప్పుడు ఈ ముసలోణ్ణి సూడనేదు" అన్నాడు.

"మరేటి సూసినారు?"

"ఉయ్యాల మీద పిల్లని. నీలాగే నవ్వుతంది. ఇంకేటీ సూడనేదు."

ఇక జవాబు అడగకుండానే పటం చంకలో పెట్టుకోబోయాడు. సూర్యావతి దాని అంచు పట్టుకుని ఆపింది. నవ్వు ఎటు పోయిందో, బుగ్గలు మాత్రం కందిపోయాయి.

"అలా సూసీవోడు పొదలో ఉన్నాడు గదా" అంది మెల్లగా.

తర్వాత నా వైపు తిరగకుండానే, "వదినా, ఈ మనువు నాకిష్టమేనని అన్నకి సెప్పు" అంది.