ట్రూడీ పెట్టిన టిక్కు

జీతం పడే శుక్రవారం. వృద్ధాశ్రమం లాండ్రీలో ట్రూడీ, నేనూ చెరో కొసా పట్టుకుని దుప్పట్లు మడత పెడుతున్నాం. జీతం పడిందేమో చూద్దామని ఫోను తీసిన ట్రూడీ దుప్పటి కొస వదిలేసింది. ఉతికిన దుప్పటి నేల మీద పడింది.

"ఏమే, దీన్ని మళ్లీ ఉతకాలా?"

"ఆర్లీన్, ఇలా చూడు. నాలుగుసార్లుందా, నా కళ్లకే అలా కనిపిస్తోందా?"

ముప్పై ఆరు డాలర్ల కోత. దాని కింద మళ్లీ ముప్పై ఆరు. మొత్తం నాలుగు.

ఇంటి ఓనరు ట్రూడీ ఇచ్చే అద్దె చెక్కుని ఎప్పుడూ జీతాలు పడ్డాకే బ్యాంకులో వేసేవాడు. ఈసారి బుధవారమే వేశాడు. ఖాతా ఖాళీ అయింది. ఆ సంగతి తెలియని ట్రూడీ గురువారం కార్డుతో కాఫీ తాగింది, దగ్గుమందు కొంది, పిల్లికి తిండి కొంది, పది డాలర్ల పెట్రోలు పోయించుకుంది. నాలుగుచోట్లా కార్డు చక్కగా పనిచేసింది.

"పనిచేసిందంటే డబ్బున్నట్టేగా?" అంది.

లేదు. బ్యాంకు తన డబ్బు వేసి, వేసినందుకు ఒక్కోదానికి ముప్పై ఆరు పట్టుకుంది. రెండు డాలర్ల కాఫీకి కూడా అంతే.

నూట నలభై నాలుగు డాలర్లు. సోమవారం ముందుగా నూట యాభై కడితే పైవరస కట్టుడుపళ్లు పెడతానన్నాడు పళ్ల డాక్టరు. ఏడాదిగా ట్రూడీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. అన్నం వేళ గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. నవ్వొస్తే లాండ్రీలోంచి బయటికే పోతుంది.

మధ్యాహ్నం నా కారులో బ్యాంకుకి వెళ్లాం. అక్కడి మేనేజరు మర్యాదస్తురాలు, మాకు కుర్చీలు చూపించింది.

"ఇది మీరు అడిగి తీసుకున్న సదుపాయమేనండీ" అని కంప్యూటరు తెర మా వైపు తిప్పింది. పోయిన మార్చిలో ట్రూడీ పెట్టిన సంతకం. పైన 'కావాలి' అన్న గడిలో టిక్కు.

"ఆ రోజు ఇక్కడున్నావిడ చెప్పింది వేరు" అంది ట్రూడీ, చేతి వెనక నుంచి. "దుకాణంలో కార్డు ఆగిపోయి నలుగురిలో సిగ్గుపడే పని ఉండదంది."

"నిజమే కదండీ. ఆగలేదుగా?"

"ఆగి ఉంటే కాఫీ మానేసేదాన్ని. మా పనిచోట ఊరికే పోస్తారు."

మేనేజరు కంప్యూటరులో ఏవో మీటలు నొక్కింది. "ఒకటి వెనక్కి వేస్తాను. ఏడాదికి ఒక్కటే నా చేతిలో ఉంది."

"మిగతా మూడూ?"

"ఏం చెయ్యలేనండీ."

"అయితే ఆ టిక్కు తీసెయ్యండి."

"తీసేస్తే డబ్బు లేనప్పుడు కార్డు ఆగిపోతుంది. వెనక జనం నిలబడి ఉంటారు. ఆలోచించుకోండి."

ట్రూడీ నా వైపు చూసింది. జనం ముందు నోరు తెరవాల్సి వస్తుందని చర్చికి వెళ్లడం కూడా మానేసిన మనిషి.

"తీసెయ్యండి" అంది.

కారులో అడిగాను, "డాక్టరుకి ఏం చెప్తావే?"

"చెప్పాలంటే నోరు తెరవాలిగా" అంది. ఇద్దరికీ నవ్వే ఓపిక లేదు.

మాకు జీతం రెండు వారాలకోసారి. తర్వాతి జీతానికి ముందురోజు సాయంత్రం సరుకులకి ఇద్దరం కలిసే వెళ్లాం. బిల్లు దగ్గర ట్రూడీ కార్డు పెట్టింది. మిషను కూత పెట్టింది.

"కార్డు ఆగిపోయిందమ్మా" అంది బిల్లు వేసే లావుపాటి ఆవిడ. ఆ గొంతు వరస చివరిదాకా వినబడింది.

మా వెనక ఐదుగురున్నారు. ఒకాయన పెద్దగా నిట్టూర్చాడు. ట్రూడీ చెయ్యి నోటి మీదికి వెళ్లింది. నేను పర్సు తీశాను.

"నువ్వు ఉండవే" అని నన్ను ఆపింది. కాఫీ డబ్బా తీసి పక్కన పెట్టింది. "ఇప్పుడు లెక్క వెయ్యండి."

కూత.

వెన్న తీసేసింది. కూత. సబ్బుపొడి బరువు, దాన్ని ఎత్తడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చింది. నోటికి అడ్డం ఏమీ లేదు.

"ఇంకేం తియ్యను? పిల్లి నన్ను చంపుతుంది" అంది, ఆ నోటితోనే. బిల్లావిడ ఆ ఖాళీ చిగుళ్లు చూసింది, చూడనట్టు తల దించుకుని మళ్లీ లెక్క వేసింది.

ఈసారి కార్డు పనిచేసింది. పాలు, రొట్టె, పిల్లి తిండి. ఎనిమిది డాలర్లు.

బయట కారెక్కాక ట్రూడీ సంచీ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఎనిమిదికి ఎనిమిదే పోయాయి" అంది. "పళ్లు వచ్చే నెల ఇరవై మూడుకి మార్పించాను. నీ దగ్గర కాఫీ పొడి ఉందా, ఆర్లీన్?"

"ఉంది, పద."

నోరు కొద్దిగా తెరిచే కూర్చుంది దారి పొడుగునా. చెయ్యి సంచీ మీదే ఉంది.