లోపల రేకులున్న సైలెన్సర్

సొంతంగా కట్టుకున్న విమానాన్ని మొదటి నలభై గంటలు ఎవరినీ ఎక్కించుకోకుండా ఒంటరిగా నడపాలి. అధికారులు మ్యాపులో గీసిన గీత దాటకూడదు. పదకొండేళ్ళు కష్టపడి కట్టి, గానుగెద్దులా నెబ్రాస్కా మొక్కజొన్న చేల మీదే తిరుగుతున్నాను. ముప్పై ఒక్క గంటలయ్యాయి. మిగిలిన తొమ్మిదీ పూర్తయితేనే నా భార్య వెర్నాను పక్కన కూర్చోబెట్టుకుని గీత దాటగలను.

ఆ గీత చాలదన్నట్టు కింద, ఎయిర్‌స్ట్రిప్ పక్క పొలంలో ఓపల్ హెడ్రిక్ ఉంది. పాత కారులోంచి తీసి బిగించిన నా రోటరీ ఇంజన్ అరుపుకి ఆవిడ కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయట. రెండు ఫిర్యాదులిచ్చింది. మూడోది వస్తే విమానం షెడ్డు ఖాళీ చెయ్యాలని ఎయిర్‌స్ట్రిప్ కమిటీ తేల్చి చెప్పింది. షెడ్డు పోతే విమానం పెట్టుకోవడానికి నాకు వేరే చోటు లేదు.

రోటరీ ఇంజన్ పొగ వేడికి గొట్టం ఎర్రగా కాలుతుంది. అప్పటికే రెండు సైలెన్సర్లు చీలిపోయాయి. పక్క షెడ్డు వర్జిల్ మందపాటి ఉక్కుతో ఒకటి చేసిచ్చాడు. లోపల ఏమీ లేదు, బరువు ఏడు కిలోలు, చప్పుడు సగమే తగ్గుతుంది. నేను కొనుక్కొచ్చింది తేలిక. లోపల వరసగా అడ్డు రేకులు, చప్పుడు దాదాపు వినపడదు.

"ఒరేయ్ డెల్బర్ట్, లోపల ఏదున్నా ఆ వేడికి ఊడుతుంది," అన్నాడు వర్జిల్. "నాది చీలితే వచ్చేది చప్పుడేరా. దాంట్లో రేకు ఊడి గొట్టానికి అడ్డం పడితే ఇంజన్‌కి ఊపిరాడదు."

తెలిసే తేలికదాన్ని బిగించాను. నాకు ఇంజన్ కంటే ఓపల్ అంటేనే భయం.

మంగళవారం మధ్యాహ్నం దాంతో మొదటిసారి ఎగిరితే, వెయ్యి అడుగుల ఎత్తులో ముందు ఏదో గలగలమంది. ఇంజన్ బలం పడిపోయింది. వేగం పెంచే లివర్ నెట్టినకొద్దీ ఇంకా మూలిగింది. నాకు తెలియకుండానే చెయ్యి తలుపు గొళ్ళెం మీదికి పోయింది. తీసి ఎక్కడికి పోతాను? ప్రతి రివెట్టూ నేనే కొట్టి, ఈ పెట్టెలో నన్ను నేనే బిగించుకున్నాను. ఏడుపొచ్చింది. కింద కోతైన గడ్డి చేను ఒక్కటే కనిపించింది. అది ఓపల్‌ది.

దిగేటప్పుడు ముందు చక్రం వంగింది. ఓపల్ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఫిర్యాదు రాసుకోమన్నాను.

"రోజూ ఆ రొద వినపడగానే తిట్టుకుంటూ తలెత్తేదాన్ని," అంది రొప్పుతూ. "ఇవాళ చప్పుడు లేకుండా మా ఇంటికప్పు మీదుగా జారిపోయావు. చచ్చావనుకున్నాను."

నలభై గంటల నియమంతో సహా జరిగింది చెప్పాను. గట్టిది చేతిలో ఉండగా ఇదెందుకు పెట్టావని నిలదీసింది. మీ కోళ్ళ కోసమేనన్నాను. ఆవిడ వంగిన చక్రం వైపు చూసింది.

"ఇంకెన్ని గంటలు?"

"తొమ్మిది."

"ఆ బరువుదే పెట్టుకో. తొమ్మిది గంటలూ కోళ్ళని మా చెల్లెలింట్లో ఉంచుతాను. పదో గంట మోగిందో, కమిటీకి నేనే వెళ్తాను."

"పదో గంటకి గీత అవతల ఉంటాం ఓపల్ గారూ, నేనూ వెర్నా."